కుర్సురాలో నాన్న ఆగిపోయిన గది

మేము విశాఖలో దిగింది సోమవారం. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి ఆ రోజే సెలవు. ఆర్కే బీచ్ దాకా వచ్చాక తెలిసింది. నాన్న మాత్రం వెంటనే వెనక్కి తిరగలేదు. రోడ్డు మీద నిలబడి ఆ సబ్‌మెరైన్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "నాలుగు బోగీల పొడవుంటుందిరా" అన్నారు. మర్నాడు వివరాల్లో చూస్తే 91.3 మీటర్లు. అంచనా సరిగ్గా సరిపోయింది.

నాన్న కాజీపేటలో 34 ఏళ్లు రైల్వేలో పనిచేశారు. అందులో ఎక్కువ కాలం డీజిల్ ఇంజన్ డ్రైవర్‌గానే. సొంతూరు అనకాపల్లి దగ్గర. కుర్సురాని ఒక్కసారి లోపలికి వెళ్లి చూడాలని చాలా ఏళ్లుగా అంటున్నారు. మోకాళ్లు ఇంకా మొరాయించకముందే తీసుకెళ్లాలని ఈసారి సెలవు పెట్టి మరీ బయల్దేరాను.

ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. ఈలోగా 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. అంటే దాదాపు లక్షా 36 వేల కిలోమీటర్లు, భూమిని మూడుసార్లు చుట్టి వచ్చినదానికంటే ఎక్కువ. అంత తిరిగినదాన్ని నీళ్లలోంచి ఈ ఇసుక మీదికి చేర్చడానికి మాత్రం చివరి 600 మీటర్లకే 18 నెలలు పట్టిందట, ఐదున్నర కోట్లు ఖర్చయిందట. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పాత ఇనుము కింద కోసి అమ్మేయకుండా ఇంత కష్టపడి నిలబెట్టినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మెట్లెక్కి లోపలికి వెళ్లాం. మొదట వచ్చేది ముందువైపు టార్పెడో గది. టార్పెడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం. ఎదురుగా వాటిని వదిలే ఆరు గొట్టాల మూతలు. వెనకవైపు ఇంకో నాలుగు ఉన్నాయి. మొత్తం 22 టార్పెడోలు మోసుకెళ్లగలిగేది. వాటి పక్కనే మనుషులు పడుకునే బెర్తులు. ఒక బెర్తు అంచు పట్టుకుని చూశాను. స్లీపర్ క్లాసు బెర్తు దానికంటే నయం. అటు తిరిగితే ఇనుప గోడ, ఇటు తిరిగితే టార్పెడో. అలా వారాల తరబడి నిద్రపోయారు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలాంటి తలుపు దాటాలి. ముందు కాలు, తర్వాత తల, తర్వాత మిగతా ఒళ్లు. నాన్నకి కష్టమవుతుందేమోనని నాకు టెన్షన్. లోకో ఎక్కి దిగిన అలవాటు కాబోలు, పైన ఉన్న కడ్డీ పట్టుకుని నాకంటే తేలిగ్గా దాటేశారు. గైడ్ నేవీలో పనిచేసి రిటైరైన ఆయన. తలుపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పారు: "ఒక గదిలోకి నీళ్లొస్తే ముందు ఈ తలుపు మూసెయ్యాలి. లోపల ఎవరున్నారని చూడకూడదు." నా వెనక అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్న కుర్రాళ్లు ఫోన్లు దించేశారు.

కంట్రోల్ రూమ్ దగ్గర జనం గుమిగూడారు. పెరిస్కోపు, నిండా మీటర్లు, చక్రాలు. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. ఆ తర్వాత వంటగది చూసి ఆగాను. మా ఫ్లాట్ వంటగదిలో సగం కూడా లేదు. 75 మందికి అక్కడే వండాలి. మంచినీళ్లు తాగడానికీ వంటకీ చూసుకుని వాడాలి కాబట్టి స్నానం సంగతి మర్చిపోవాల్సిందే.

డీజిల్ గదిలోకి వచ్చాక నాన్న ఆగిపోయారు.

మూడు ఇంజన్లు. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. నాన్న ఒక ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, ఇంకా వేడి ఉందేమో చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచారు. తర్వాత గైడ్‌ని అడిగారు: "సార్, బ్యాటరీ చార్జింగ్ ఎప్పుడు పెట్టేవారు?"

ఆయన మొహం వెలిగిపోయింది. రోజూ ఎంతమంది వచ్చినా ఆ ప్రశ్న ఎవరడుగుతారు! నీళ్ల కింద డీజిల్ నడవదు, దానికి గాలి కావాలి. కాబట్టి కింద ఉన్నంతసేపూ బ్యాటరీలతో మోటార్లే తిప్పాలి. బ్యాటరీ తగ్గిపోతే పైకి రావాలి, లేదా పైకి కనబడకుండా స్నార్కెల్ గొట్టం ఒక్కటే నీళ్ల పైకెత్తి, గాలి లాక్కుంటూ డీజిల్ నడిపి చార్జింగ్ పెట్టాలి.

"రాత్రిపూట పెట్టేవాళ్లం సార్, ఎవరి కంటా పడకుండా."

"గొట్టం మీదికి అల వస్తే?"

"వాల్వు మూసుకుపోతుంది. ఇంజన్ ఆగదు కదా, లోపలున్న గాలినే లాగేస్తుంది. చెవులు పగిలిపోయేలా ఉండేది."

నాన్న తల ఊపారు. ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఏళ్ల తరబడి రైలింజన్ క్యాబిన్‌లో ఆ మోత విన్నందువల్లే. కుడి చెవి గైడ్ వైపు తిప్పి నిలబడ్డారు. చూస్తే ఆయనా అలాగే ఒక పక్కకి తల వంచి వింటున్నారు. ఇద్దరూ కాస్త గట్టిగానే మాట్లాడుకున్నారు. నాన్న తన ఇంజన్ సంగతి చెప్పారు. అందులోనూ డీజిల్ నేరుగా చక్రాలు తిప్పదు, కరెంటు పుట్టిస్తుంది, మోటార్లు తిప్పుతాయి. "కానీ మాకు సిగ్నల్ పడకపోతే కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చుకునేవాళ్లం సార్. మీకు అదీ లేదు" అన్నారు. గైడ్ ఏమీ అనలేదు. ఆయనే నాన్న చెయ్యి పట్టుకున్నారు. వెనక క్యూ పెరిగిపోతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

బయటికొచ్చి ప్రొపెల్లర్లు చూశాం. అవీ మూడే. రోడ్డుకి అవతల టీయూ 142 విమానం మ్యూజియం. సబ్‌మెరైన్లని వెతికి పట్టుకోవడానికి 29 ఏళ్లు నౌకాదళంలో తిరిగిన విమానం అది. బాగుంది కానీ నాన్న మనసు ఇంకా డీజిల్ గదిలోనే ఉంది.

చీకటి పడుతుండగా బీచ్ రోడ్డులోనే, 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గరికి నడిచాం. ఆ యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీలో ఉంటే, ఇక్కడ విశాఖ బయట డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగిపోయింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. అప్పుడు నాన్నకి 20 ఏళ్లు. శత్రు విమానాలకి కనబడకుండా ఊళ్లో వెలుతురు లేకుండా చేసే బ్లాకవుట్ రోజుల్లో వాళ్లమ్మ లాంతరు చుట్టూ నల్లగుడ్డ కట్టి, ఆ సందు వెలుతురులోనే అన్నం పెట్టేదని చెప్పారు. గాజీ మునిగిందన్న వార్త రేడియోలో విని ఊరంతా సంబరపడిందట. తనూ ఎగిరి గంతేశానన్నారు.

"అది కూడా డీజిల్‌దేనా?" అని అడిగారు.

అవునన్నాను.

నాన్న చాలాసేపు సముద్రం వైపే చూశారు. "అయితే అందులోనూ ఒక ఇంజన్ గది ఉండుంటుంది" అన్నారు. తర్వాత చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఇసుకలో కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.