నాన్న ఇంజనుకు డీకోడరు

బాబాయి 1984లో జర్మనీ నుంచి తెచ్చిన రైలింజను సత్యనారాయణపురంలో మా ఇంటి అటక మీద ముప్పయ్యేళ్లకు పైగా ఉండిపోయింది. అసలు ఇంజనులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. దాన్ని బొమ్మ అంటే నాన్న ఒప్పుకోరు. విజయవాడలో ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి.

పాత పద్ధతిలో పట్టాల్లోకి ఎంత వోల్టేజి పంపితే ఇంజనుకు అంత వేగం. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కదులుతాయి. ఆ ఇంజనును నేను డిజిటల్ పద్ధతికి మార్చాలనుకున్నాను. అందులో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఆదేశాలు కూడా అందులోనే వెళ్తాయి. తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని అందుకొని మోటారుకు ఎంత ఇవ్వాలో ఇంజనులో బిగించే డీకోడరు అనే చిన్న సర్క్యూటు చూసుకుంటుంది. ఇది చెప్పగానే నాన్న, "మా పై తీగలో 25,000 వోల్టులు ఎప్పుడూ ఉన్నట్టే కదరా! ఎంత వాడాలో ఇంజనులో ఉన్నవాడి పని" అన్నారు. ఇన్నాళ్లు చదివినా నాకు ఇంత తేటగా తట్టలేదు.

ముందు మోటారు ఎంత కరెంటు లాగుతుందో కొలిచాను. 12 వోల్టులిచ్చి చక్రాలను ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంటే 0.8 ఆంపియర్లు చూపింది. 1 ఆంపియరు డీకోడరు సరిపోతుంది.

అసలు కష్టం చట్రంతో. ఇలాంటి పాత ఇంజన్లలో మోటారులోకి కరెంటు అందించే రెండు బ్రష్షుల్లో ఒకటి నేరుగా లోహపు చట్రానికి, దాని ద్వారా ఒక పట్టాకు కలిసి ఉంటుంది. అలాగే వదిలేసి డీకోడరు బిగిస్తే పట్టాల కరెంటు వెనుక దారిన మోటారు తీగల్లోకి చొరబడి దాన్ని మాడ్చేస్తుంది. బ్రష్షు నుంచి చట్రానికి పోయే రాగి పట్టీని కోశాను, స్క్రూ కింద నైలాన్ వాషరు వేశాను. అయినా, రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉంటే కూసే మల్టీమీటరు కూత ఆగలేదు. రెండు సాయంత్రాలు వెతికితే దొరికింది: బ్రష్షు స్ప్రింగు కొన చట్రం అంచును వెంట్రుకవాసిలో తాకుతోంది. సన్నటి స్లీవు తొడిగాక మీటరు మూగబోయింది. ఆ నిశ్శబ్దం వినేదాకా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

తరువాతిదంతా డీకోడరు తీగల రంగుల లెక్క. ఎరుపు, నలుపు పట్టాలకు. నారింజ, బూడిద మోటారుకు. మోటారుకున్న పాత కెపాసిటరు తీసేశాను. ముందు దీపం బల్బు కూడా చట్రానికే కలిసి ఉంది. దాని బదులు ఎల్ఈడీ పెట్టి, 1 కిలో ఓమ్ రెసిస్టరుతో నీలం, తెలుపు తీగలకు కలిపాను. రెసిస్టరు గవర్నర్‌పేటలో దొరికింది. డీకోడరు మాత్రం తెప్పించుకోవలసి వచ్చింది.

కొత్త డీకోడరు నంబరు 3గా వస్తుంది. తాను ఉద్యోగంలో చేరిన 1971 గుర్తుగా నాన్న 71 పెట్టమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్యాన్ ఆపి, నేల మీద పట్టాలు పరిచాం. రిమోటు నాన్న చేతికిచ్చాను. ఇంజను నిదానంగా రెండు మీటర్లు వెళ్లింది. ఆపారు. ఆగినా దీపం వెలుగుతూనే ఉంది. పాత పద్ధతిలో ఆగితే దీపమూ ఆరిపోయేది.

"సిగ్నల్ దగ్గర నిలబడినట్టుంది" అన్నారు నాన్న. మళ్లీ నడపలేదు. కాఫీ తాగేదాకా అలాగే ఉంచమన్నారు.