తెలుగు రాతకు ఎంత వెడల్పు పాళీ? విశాఖలో ఒక పూట

రాజమండ్రి నుంచి విశాఖకు రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. సంచీలో ఒక ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, మూడు బ్రాడ్ (వెడల్పు మొన) పాళీలు, పదింతలు చేసి చూపే భూతద్దం. పని ఒక్కటే: ఆ పాళీల్లో ఒకదాన్ని తెలుగుకు పనికొచ్చే ఇటాలిక్‌గా, అంటే మొన గుండ్రంగా కాక చదునుగా ఉండి ఒకవైపు లావు, ఇంకోవైపు సన్నం గీతలు పడేలా, అరగదీయించడం.

రెడీమేడ్‌గా దొరికితే ఈ తంటా ఉండదు కదా అని ముందు డాబాగార్డెన్స్ నుంచి జగదాంబ జంక్షన్ దాకా షాపులు తిరిగాను. ఫైన్, మీడియం అడగ్గానే తీస్తారు. ఇటాలిక్ అంటే కాలిగ్రఫీ సెట్టు ముందు పెడతారు. లామీ పాళీలు 1.1, 1.5, 1.9 మిల్లీమీటర్లలో వస్తాయి, మార్చుకోవడమూ తేలికే: పాళీకి సెల్లో టేపు అంటించి నేరుగా ముందుకు లాగితే ఊడొస్తుంది. కానీ మామూలు రూళ్ల నోటుబుక్కులో తెలుగుకు 1.1 కూడా ఎక్కువే. 'ఋ', 'ఘ' రాస్తే లోపలి సందులు సిరాతో పూడిపోతాయి, ఒత్తులు మచ్చల్లా మిగులుతాయి. నా లెక్కన 0.6, మహా అయితే 0.7.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో పెన్నులు బాగుచేసే పెద్దాయన పాళీని వెలుతురుకు పట్టి చూశారు. "ముందు రెండు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో సూడాల బాబూ. అరగదియ్యడం తర్వాత." నిజమే. చీలికకు అటూ ఇటూ ఎత్తు తేడా ఉండగా అరగదీస్తే, తర్వాత సరిచేసినప్పుడు మొనే వంకరగా తేలుతుంది.

గాజు పలక మీద 1000 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం), దాని మీద నాలుగు చుక్కల నీళ్లు. మొనకు నల్ల మార్కర్ పూసి, రాసే వాలులోనే పెన్ను పట్టుకుని పదిసార్లు రుద్దడం, భూతద్దంలో చూడడం. మార్కర్ రంగు ఎక్కడ పోయిందో అక్కడే అరిగిందన్నమాట. అడుగు చదునయ్యాక పైభాగం పలచన చేస్తారు. అడ్డగీత ఎంత సన్నంగా పడేదీ ఈ మందాన్ని బట్టే. మొన మీది గట్టి లోహపు గుండు కాస్తంతే ఉంటుంది, అది దాటి ఉక్కు దాకా వెళ్తే పాళీ పాడైనట్టే. పది రుద్దులకోసారి ఆగేది అందుకే.

తర్వాత మూలలు. పదునుగా వదిలేస్తే గీతలు అందంగా వస్తాయి, కానీ తెలుగు అక్షరం చెయ్యెత్తకుండా అన్ని వైపులా తిరుగుతుంది. పాళీని పైకి తోసిన ప్రతిసారీ ఆ మూల కాగితపు పీచును పట్టుకుంటుంది. కాబట్టి మూలలు కొంచెం గుండ్రం చేయాల్సిందే. పాళీ అంచును 40 డిగ్రీలు తిప్పి పట్టుకుంటే తలకట్టులో దిగే ముక్క లావుగా, పైకి లేచే తోక వెంట్రుకలా వస్తుంది. నాకైతే ఇటాలిక్ ముచ్చటంతా ఆ తలకట్టులోనే ఉంది.

మొదటి పాళీ చెడింది. మెత్తటి పాలిషింగ్ ప్యాడ్ మీద ఎక్కువసేపు తిప్పడంతో చీలిక లోపలి అంచులు కూడా గుండ్రమయ్యాయి. అప్పుడు సిరా కాగితానికి అందదు, ప్రతి అక్షరానికీ మొదటి గీత ఎగిరిపోతుంది. గాజు మీద పరిచిన 1 మైక్రాన్ ఫిల్మ్ (చాలా సన్నటి రాపిడి పొర) మీద కొద్దిగా రుద్ది అడుగును మళ్లీ చదును చేస్తే దారికొచ్చింది. రెండో పాళీకి ఆ ప్యాడ్ జోలికే పోలేదు.

పాళీ వెడల్పయితే సిరా కూడా ఎక్కువ కావాలి. చీలిక బిగుతుగా ఉంటే సన్నటి ఇత్తడి రేకును జాగ్రత్తగా ఆడించాలి. ఎబొనైట్ ఫీడ్ (పాళీ కింద ఉండి సిరా అందించే ముక్క) పాళీకి ఎడంగా ఉంటే రెంటినీ కలిపి అర నిమిషం వేడినీళ్లలో ముంచి, బొటనవేలితో అదిమి పట్టి చల్లారనివ్వాలి. పెన్ను గొట్టాన్ని మాత్రం ముంచకూడదు, ఎబొనైట్ రంగు మారుతుంది.

చివరి పరీక్ష షాపులోని కాగితం మీద చేస్తే గీత అంచులు చిట్లాయి. సిరా ఎక్కువ పారుతోందని చీలిక బిగించబోయాం. తీరా తప్పు పాళీది కాదు, సముద్రపు గాలికి చెమ్మెక్కిన కాగితానిది. ప్లాస్టిక్ కవర్లో దాచి తెచ్చుకున్న కాగితం తీసి రాస్తే గీత శుభ్రంగా పడింది.