మాట పోయిన నాన్న, మాట తప్పని దేవుడు

నాన్నకు పక్షవాతం వచ్చిన రోజు పొద్దున కూడా ఆయన ఎప్పటిలాగే బైబిల్ చదువుకుని, ప్రార్థన చేసుకుని లేచారు. తర్వాత చాలా నెలలు నన్ను లోపల తొలిచింది అదే. ప్రార్థన ముగించి లేచిన మనిషి గంట తిరక్కుండా కుప్పకూలిపోతే, మరి ఆ ప్రార్థన ఎవరు విన్నట్టు?

మెదడు ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, ఫిజియోథెరపీతో అవి కొంచెం కొంచెంగా తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు. డాక్టర్లు దాన్ని అఫేసియా అన్నారు. ఏం చెప్పాలో మనిషికి తెలుస్తూనే ఉంటుంది, దానికి తగ్గ మాటే దొరకదు. నీళ్లు కావాలంటే కళ్లతో చూపించేవారు, మాకు అర్థం కాకపోతే ఆ కళ్లలోనే నీళ్లు తిరిగేవి. నా పేరు పిలవాలని ప్రయత్నించి, రాక, మొహం గోడ వైపు తిప్పుకునేవారు.

మొదటి మూడు నెలలు నేను ప్రార్థన చేయలేకపోయాను. మోకరిస్తే ఏడుపు వచ్చేది, కొన్నాళ్లకు ఆ ఏడుపు కూడా ఆగిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లు "విశ్వాసం ఉంచు, దేవుడు ఏం చేసినా మేలుకే" అనేవాళ్లు. వాళ్ల ప్రేమను నేను తప్పుపట్టను గానీ, నాన్నను పక్కకు తిప్పడానికి రాత్రంతా రెండు గంటలకోసారి లేచేదాన్ని, ఆ మాట విన్నప్పుడల్లా నా విశ్వాసం చాలకే ఇలా అయిందేమో అనిపించేది. అలాంటి ఇంటికి వెళ్తే దయచేసి ఆ మాట అనకండి, రోగి దగ్గర మీరు కాసేపు కూర్చుని ఇంట్లోవాళ్లను నిద్రపోనివ్వండి. ఇక బతకలేనని ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుంటే దేవదూత చేసింది కూడా అదే కదా, తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). ప్రసంగమేమీ చేయలేదు.

బైబిల్లో విలాపవాక్యములు గ్రంథాన్ని మొదటి నుంచి చదవమంది అక్క. "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అన్న మాట చిన్నప్పటి నుంచి నాకు కంఠస్థమే, 3వ అధ్యాయం 23వ వచనం. కానీ దానికి ముందు ఏముందో నేనెప్పుడూ ఆగి చూడలేదు. నేను మొరపెట్టినా ఆయన నా ప్రార్థన వినడం లేదని 8వ వచనంలో ఉంది, రాళ్లతో నా పళ్లు నలగ్గొట్టాడని 16లో ఉంది, నా ఆశలు పోయాయని 18లో ఉంది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కాలిపోయి, దేవాలయం కూలిపోయాక, ఆ శిథిలాల మధ్య పుట్టిన ఏడుపు అది. చివరి అధ్యాయం కూడా జవాబు లేకుండా, ప్రశ్నలాగే ముగుస్తుంది. అది చదివాక నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను, ఎందుకంటే నేను మనసులో దాచుకుని భయపడిన మాటలన్నీ దేవుడు తన గ్రంథంలోనే ఉండనిచ్చాడు.

ఆయన వాత్సల్యత అనుదినం కొత్తగా పుడుతుందని కూడా అక్కడే ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా గుర్తొచ్చింది, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టేది. నేనేమో వచ్చే ఏడాదికి సరిపడా ధైర్యం ఈ రోజే ఇమ్మని అడుగుతూ, అది రాలేదని దేవుడి మీద అలుగుతున్నాను. అప్పటి నుంచి ఈ పూట గడిపించు ప్రభువా అని మాత్రమే అడిగాను. టెన్షన్ పోలేదు, కానీ ఆ పూట గడిచేది.

నమ్మకత్వానికి హెబ్రీలో ఎమునా అన్న మాట ఉందని పాస్టర్ గారు చెప్పారు. నిర్గమకాండం 17లో, యుద్ధం జరుగుతుండగా పైకెత్తిన మోషే చేతులు సూర్యాస్తమయం వరకు నిలకడగా ఉన్నాయన్న చోట ఉన్నదీ అదే మాటట. ఆ చేతులు వాటంతటవి నిలబడలేదు, చెరొక పక్క అహరోను, హూరు పట్టుకుని నిలబెట్టారు. నా చేతులు ఎప్పుడో దిగిపోయాయి, అయినా అక్క ప్రతి రాత్రీ ఫోన్‌లో నా బదులు ప్రార్థన చేసేది, నేను వింటూ చివర్లో ఆమేన్ అనేదాన్ని, అంతే. ఆమేన్ కూడా ఎమునా పుట్టిన ధాతువు నుంచే వచ్చిందని తర్వాత తెలిసి చాలాసేపు ఏడ్చాను.

ఆరో నెలలో స్పీచ్ థెరపిస్టు నాన్నకు బాగా అలవాటైన పాటలు పాడించి చూడమన్నారు. మాట పోయినవాళ్లలో చాలామందికి పాట మిగిలే ఉంటుందట, పాడేటప్పుడు మెదడు కుడి వైపు కూడా పనిచేస్తుంది కాబట్టి. ఆ సాయంత్రం నేను చిన్నప్పటి సండే స్కూల్ పాట ఒకటి ఎత్తుకున్నాను. రెండో చరణంలో నా గొంతు పూడుకుపోయింది, పాట మాత్రం ఆగలేదు. నాన్న పాడుతున్నారు, పదాలతో సహా. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పాట అయ్యాక నీళ్లు అడగబోయారు, మళ్లీ మాట రాలేదు.

ఇప్పటికి ఏడాదిన్నర. కొన్ని చిన్న మాటలు వచ్చాయి, నా పేరు ఇంకా రాలేదు. నిన్న రాత్రి పాట పాడాక నేను ప్రార్థన చేశాను, ఈ మధ్య నేనే చేస్తున్నాను. ముగించేసరికి ఆయన నా వైపు చూస్తూ పెదాలు కదిపారు, కదిపారు, ఏమీ రాలేదు. నేను ఆమేన్ అన్నాను. ఆమేన్ అన్నారు నాన్న, స్పష్టంగా.