అమెరికా గడియారం మారిన వారం గుంటూరు రోడ్డు మీద జాగ్రత్త

మన దగ్గర గడియారాలు మార్చే అలవాటు లేదు. కానీ విజయవాడలో అమెరికా షిఫ్టు చేసి గుంటూరు వెళ్లేవాళ్లకి ఏడాదికి రెండుసార్లు ఆ తిప్పలు తప్పవు. అక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. అరిజోనా క్లయింటైతే చాలావరకు ఈ గొడవ లేదు.

మార్చిలో షిఫ్టు గంట ముందుకొచ్చి పగటి నిద్ర కోసుకుపోతుంది. నాకు ఎక్కువ భయం నవంబరు గురించే. న్యూయార్క్ టైములో పనిచేసేవాళ్లకి తెల్లవారుజామున 3:30కి వదిలే షిఫ్టు 4:30కి వదులుతుంది. అసలే ఒళ్లు నిద్రకి లొంగిపోయే వేళ. పైగా మధ్యాహ్నం పన్నెండింటికి లేచినవాళ్లు ఐదయ్యేసరికి 17 గంటలు మేలుకుని ఉన్నట్టు. అప్పటి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషితో సమానం. మన చట్టం ఒప్పుకునేది 0.03 వరకే.

వారధి దాటాక ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీ. 80 స్పీడులో నాలుగు సెకన్లు రెప్ప పడితే బండి దాదాపు 90 మీటర్లు పోతుంది. ఎదురుగా లైట్లు లేకుండా ఆపిన లారీ ఉంటే బ్రేకు మీద కాలు కూడా పడదు.

తాడేపల్లి ఎప్పుడు దాటామో గుర్తు రాకపోయినా, టైరు పదేపదే గీత తొక్కుతున్నా ఇక నడపకండి. అద్దం దించడం, పాటలు పెట్టడం కాసేపటి ముచ్చటే. రోడ్డు పక్కన కాదు, లైట్లున్న పెట్రోలు బంకులోకి తిప్పండి. స్ట్రాంగ్ కాఫీ తాగి, ఇంజిను ఆపి, అద్దం వేలెడు దించి, తలుపులు లాక్ చేసి, 20 నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ పనిచేయడానికి ఎలాగూ అరగంట పడుతుంది. 20 నిమిషాలకంటే బాగా ఎక్కువ పడుకుంటే లేచాక మత్తు వదలదు. లేవగానే స్టార్ట్ చేయకుండా పది నిమిషాలు అటూ ఇటూ నడవండి.

జలుబుకి సెట్రిజిన్ లాంటివి వేసుకుంటే ఆ రోజు డ్రైవింగ్ వద్దు.

గడియారం మారే ముందు నాలుగు రోజులూ పడుకునే వేళని రోజుకి పావుగంట చొప్పున జరుపుకుంటూ రండి: మార్చిలో తొందరగా, నవంబరులో ఆలస్యంగా. బైకు మీద వెళ్లేవాళ్లు మాత్రం ఆ మొదటి వారం బండి ఇంట్లోనే పెట్టి ఆర్టీసీ బస్సెక్కండి. బైకు మీద కునుకు పడితే కాపాడేది ఏదీ లేదు.