లూథరన్లు, బాప్టిస్టులు

మాది ఒంగోలు, క్రైస్తవుల్లో బాప్టిస్టు శాఖ వాళ్లం. అక్కను గుంటూరులో లూథరన్లు అనే మరో క్రైస్తవ శాఖ వాళ్ల ఇంటికి ఇచ్చాం. పోయిన ఆదివారం వాళ్ల గుడిలో అక్క కొడుక్కి బాప్తిస్మం. పాస్టరుగారు చంటివాడి తల మీద నీళ్లు పోస్తుంటే అమ్మకు ఒకటే టెన్షన్.

మా సంఘంలో పసిబిడ్డను దేవుడికి ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తారు, అంతే. బాప్తిస్మం ఎదిగాకే. తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోవాలి, నీళ్లలో పూర్తిగా మునగాలి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది అలా మునిగారు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఆ మాట చెప్పుకోని పండుగ లేదు.

అక్క మామగారు అమ్మతో నెమ్మదిగా అన్నారు: "చెల్లెమ్మా, దేవుడి కృప మనం ఒప్పుకునేదాకా ఆగదు. బిడ్డకూ అది వరమే. పెద్దయ్యాక గుడిలో కన్ఫర్మేషన్ అని జరుగుతుంది, అందులో తన విశ్వాసాన్ని వాడే ఒప్పుకుంటాడు."

ఆ మాట నన్ను కదిలించింది. ఇన్నాళ్లూ తేడా అంతా నీళ్లు చల్లడం, ముంచడం దగ్గరే ఉందని మా వాళ్లు వాదించుకోవడం చూశాను. అసలు తేడా అంతకంటే లోతైనది. వాళ్లు దేవుడు ముందే ఇచ్చినదాన్ని చూస్తున్నారు, మేము మనిషి ఇచ్చే జవాబు కోసం చూస్తున్నాం. వాళ్ల మాటను మనసారా గౌరవిస్తాను. నా పిల్లల విషయంలో మాత్రం, వాళ్లే వచ్చి అడిగేదాకా ఆగుతాను.