పెంకు కడిగితే సరిపోదు

2024 వేసవిలో మహబూబ్‌నగర్‌లో మా అక్క కొడుకు ఒక సాయంత్రం బండి దగ్గర మయోనైజ్ (పచ్చి గుడ్లు, నూనె కలిపి చిలికే చిక్కటి సాస్) వేసిన సాండ్‌విచ్ తిని, మరునాటి మధ్యాహ్నానికి జ్వరంతో, కడుపునొప్పితో, విరేచనాలతో మంచమెక్కాడు. తరువాత చేయించిన మల పరీక్షలో సాల్మొనెల్లా అనే, తిండి ద్వారా సోకే క్రిమి బయటపడింది. ఆ సాండ్‌విచే కారణమని తేల్చే పరీక్ష ఎవరూ చేయలేదు. మా బావ వెళ్లి అడిగితే బండి అతను, "గుడ్లన్నీ కడిగే వాడుతా అన్నా" అన్నాడట. అతను నిజమే చెప్పి ఉంటాడని నా నమ్మకం, కానీ ఆ జాగ్రత్త ఎందుకు సరిపోదో మనలో చాలామందికి తెలియదు.

సాల్మొనెల్లాలో ఎంటరైటిడిస్ అనే రకం కోడి అండాశయంలోనే స్థిరపడగలదు. అప్పుడు పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి క్రిములు చేరతాయి. కోడి మాత్రం మేత తింటూ, మామూలుగా గుడ్లు పెడుతూ, ఏ జబ్బూ లేనట్టే కనిపిస్తుంది. అలాంటి గుడ్లు చాలా కొద్దిగానే ఉంటాయి, వాటిలోనూ మొదట క్రిములు కొన్నే ఉంటాయి; అయితే ఎండాకాలంలో గుడ్ల ట్రేలు రోజుల తరబడి వేడిలో ఉంటే పచ్చసొన చుట్టూ ఉన్న పొర బలహీనపడి, సొనలోని పోషకాలు అంది, అవి వేగంగా పెరుగుతాయి. పైగా పచ్చి మయోనైజ్ కోసం పదుల గుడ్లు ఒకే గిన్నెలో కలుపుతారు కాబట్టి, ఒక్క చెడు గుడ్డు గిన్నె మొత్తాన్నీ పాడుచేస్తుంది.

1994లో అమెరికాలో ఐస్‌క్రీమ్ ద్వారా ఇదే రకం వ్యాపించి సుమారు 2,24,000 మంది జబ్బుపడ్డారని అంచనా. అక్కడ ఐస్‌క్రీమ్ మిశ్రమాన్ని వేడిచేసి శుద్ధి చేశారు, కానీ అంతకుముందు పచ్చి గుడ్ల సొన మోసిన ట్యాంకర్లలోనే దాన్ని తరలించారు. 2010లో ఇదే క్రిమి కారణంగా అక్కడి అయోవా రాష్ట్రపు ఫారాల నుంచి వచ్చిన 50 కోట్లకు పైగా గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు.

షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చూసినవారికి షెడ్లలో ఎలుకలు కొత్త కాదు. ఈ క్రిమిని ఒక మంద నుంచి తరువాతి మందకు మోసేది తరచుగా అవే, కాబట్టి పాత కోళ్లను తీసి షెడ్డు కడిగినా, ఎలుకలు ఉన్నంతకాలం క్రిమి పోదు. బ్రిటన్‌లో 1998 నుంచి గుడ్ల కోళ్లకు టీకాలు విస్తృతంగా వేయించాక మనుషుల్లో ఈ జబ్బు బాగా తగ్గింది. మన ఫారాల యజమానులు ఆ టీకాల గురించి ఆలోచించాలని నా కోరిక.

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు మా అక్క నాకు ఫోన్ చేసి, ఇది వేసవికి ముందే వచ్చి ఉంటే బాగుండేదని బాధపడింది. ఉప్పు చక్కెర కలిపిన నీళ్లూ, ఓఆర్ఎస్ తాగిస్తూ కొడుకు పక్కన కూర్చున్న ఆ వారం ఆమె ఇంకా మరచిపోలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో పచ్చసొన పూర్తిగా గట్టిపడేదాకా గుడ్డు పొయ్యి మీద నుంచి దిగదు.