కృష్ణారెడ్డి ప్లేటు, నా వీసా ఫైలు

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి 12 నెలల ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి, అయ్యాక ఇంకో 24 నెలలు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది. రేకు చెక్కి బొమ్మలు అచ్చువేసే ప్రింట్‌మేకింగ్‌లో ఎంఎఫ్ఏ (కళల్లో మాస్టర్స్) చేసినవాళ్లకి ఆ 12 నెలలే. ఈ సంగతి మా మామయ్యకి ఎన్నిసార్లు చెప్పినా "ఎవరినైనా అడిగి చూడమ్మా, ఏదో దారి ఉండకపోదు" అనేవాడు. ఆయన అన్నట్టే దారి ఉంది. దాని పేరు ఓ-వన్ వీసా. హెచ్‌వన్‌బీకి ఉన్నట్టు దీనికి లాటరీ లేదు, ఏడాదికి ఇన్నే అన్న లెక్కా లేదు. వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే మన రంగంలో మనకి పేరుందని రుజువు చెయ్యాలి. పెద్ద అవార్డేదీ లేకపోతే వాళ్లు చెప్పిన ఆరు రకాల సాక్ష్యాల్లో కనీసం మూడు చూపించాలి. పత్రికల్లో మన గురించి వచ్చిన రాతలు, పేరున్న సంస్థల్లో చేసిన ముఖ్యమైన పని, ఆ రంగంలో పెద్దలిచ్చిన గుర్తింపు, ఇలాంటివన్నమాట. దరఖాస్తు మనంతట మనం పెట్టుకోవడానికి లేదు, ఇక్కడి యజమానో ఏజెంటో పెట్టాలి. మొదటిసారి మహా అయితే మూడేళ్లు ఇస్తారు. ఆ మూడేళ్లలో ఏ పని ఎక్కడ చేస్తామో ముందే కాగితాల మీద చూపించాలి. రెండేళ్ల తర్వాత మార్చిలో ఏ బొమ్మ వేస్తానో ఇవాళే తెలిసిపోతే ఇక ఆ బొమ్మ వెయ్యడం ఎందుకన్నది నా సందేహం. లాయర్లకి ఇలాంటి సందేహాలు చెప్పకూడదు.

ఆ ఫైలు మొదటి పేజీలో నన్ను పరిచయం చేస్తూ మా లాయరమ్మ ఒక వాక్యం రాసింది. రెండు సంస్కృతుల్లో పెరిగిన, అనేక మాధ్యమాల్లో పనిచేసే దృశ్యకళాకారిణి అని దాని సారాంశం. బైకల్చరల్, ఇంటర్‌డిసిప్లినరీ అన్న మాటలు ఇక్కడ గ్రాంటు దరఖాస్తుల్లో, రెసిడెన్సీ ఫారాల్లో, గ్యాలరీ గోడకి అంటించే చీటీల మీద ఎక్కడ చూసినా కనిపిస్తాయి. నా విషయంలో అందులో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఫైలులో ఒకసారి అలా పడ్డాక జనం బొమ్మలో కూడా దానికి రుజువు వెతుకుతారు. స్టూడియోకి వచ్చిన క్యూరేటర్లు, అంటే ప్రదర్శనలకి బొమ్మలు ఎంచేవాళ్లు, ప్రింట్ల ముందు కాసేపు నిలబడి, చాలా మర్యాదగా, "ఇందులో ఇండియా ఎక్కడుంది?" అని అడుగుతారు. చీర అంచో, ముగ్గో, అమ్మమ్మ పాత ఫొటోనో కనిపిస్తే వాళ్ల పని తేలికవుతుంది. అవి పెట్టి నెట్టుకొచ్చేవాళ్లని నేను తప్పుపట్టను, న్యూయార్క్‌లో అద్దె కట్టాలి కదా. నా ప్రింట్లలో మాత్రం ఉండేవి గీతలు, లోతులు, రంగు మీద రంగు. ఇండియా ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేను.

అలాంటి రోజుల్లోనే, నాకంటే ముందు ఇదే ఊళ్లో ఇదే పని చేసిన తెలుగాయన గురించి పట్టుపట్టి చదవడం మొదలుపెట్టాను. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు దగ్గర నందనూరు అనే పల్లెలో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు చిత్రకళ నేర్పారు. అక్కణ్నుంచి లండన్‌లో స్లేడ్ స్కూలు, పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్ దగ్గర శిల్పం, మిలాన్‌లో మరీనో మరీనీ దగ్గర మళ్లీ శిల్పం. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే 'అతెలియే 17' అనే ప్రింట్ల వర్క్‌షాపులో చేరి, 1960ల మధ్యకల్లా హేటర్‌తో పాటు దాన్ని నడిపేవాళ్లలో ఒకరయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వచ్చి, న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ నేర్పుతూ ఇక్కడే ఉండిపోయారు. 2018 ఆగస్టులో పోయారు. వీసా ఫైలుకి ఇంతకంటే గొప్ప బయోడేటా ఉండదు. కానీ నాకు ఆయన్ని దగ్గర చేసింది ఈ ఊళ్ల జాబితా కాదు, ఆయన జింకు రేకు.

మామూలుగా రంగుల ఎచింగ్‌లో, అంటే లోహపు రేకుని యాసిడ్‌తో కొరికించి అచ్చు తీసే పద్ధతిలో, రంగుకొక ప్లేటు (రేకు) ఉంటుంది. మూడు రంగులు కావాలంటే అదే కాగితం మూడుసార్లు ప్రెస్ కింద నుంచి వెళ్లాలి, ప్రతిసారీ అదే చోట పడాలి. కాగితం తడిపి వాడతాం కాబట్టి అది సాగుతుంది. వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటి బయటికొస్తుంది. కృష్ణారెడ్డి, ఇంకో భారతీయ కళాకారుడు కైకో మోతీ, హేటర్ కలిసి అతెలియే 17లో తేల్చిన పద్ధతిలో ప్లేటు ఒక్కటే. రంగులన్నీ దాని మీదే ఉంటాయి, ప్రెస్ కిందకి ఒక్కసారే వెళ్తుంది. దీన్నిప్పుడు ప్రపంచమంతా విస్కాసిటీ (జిగట) ప్రింటింగ్ అంటున్నారు.

కిటుకు సగం ప్లేటులో, సగం ఇంకులో ఉంది. ప్లేటుని రకరకాల లోతులకి చెక్కుతారు. ఇంకుల్లో అవిసె నూనె పాళ్లు మారుస్తారు. ముందు గాట్లలోకి ఒక రంగు దట్టించి పైపైన తుడిచేస్తారు. తర్వాత నూనె బాగా కలిపిన పలచని ఇంకుని గట్టి రోలరుతో తిప్పితే, అది మిట్టగా ఉన్న చోట్లకే అంటుకుంటుంది. ఆ తర్వాత నూనె తక్కువున్న జిగట ఇంకుని మెత్తని రోలరుతో తిప్పుతారు. రోలరు మెత్తనిది కాబట్టి పల్లాల్లోకి దిగి అక్కడ రంగు వదులుతుంది. మిట్టల మీద అప్పటికే నూనె ఇంకు ఉంటుంది, జిగట ఇంకు దాని మీద నిలవదు. అలా ఒకే రేకు మీద మూడు రంగులు, దేని చోటు దానిదే. ఇంకులో నూనె పాళ్లు తప్పితే మూడూ కలిసి బురదవుతాయి.

చెప్పుకోవడానికి ఇంతే, చేతికి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. రోలరుని నొక్కకూడదు, దాని బరువుకి అదే దిగాలి. రోలరు చుట్టుకొలత ప్లేటు పొడవుకి సరిపోవాలి, లేకపోతే రెండో చుట్టు మొదలైన చోట అడ్డంగా గీత పడుతుంది. ఎండాకాలం షాపులో వేడికి ఇంకు పలచబడుతుంది కాబట్టి చలికాలం రాసిపెట్టుకున్న పాళ్లు అప్పుడు పనికిరావు. నేను పనిచేసే వర్క్‌షాపులో కొత్తవాళ్లు పుస్తకంలో ఉన్న కొలతలు చూసి ఇంకు కలుపుతారు. పాతవాళ్లు కత్తితో ఇంకు పైకెత్తి, అది జారే తీరు చూసి పాళ్లు చెప్పేస్తారు. మెక్సికో నుంచి వచ్చినావిడ, కొరియా నుంచి వచ్చినాయన, నేను, ముగ్గురం ఇంకు సంగతుల్లో ఒక్క మాట అనుకోకుండానే పని నడిపించగలం. అద్దె సంగతి వస్తేనే మాటలు కావాలి.

శిల్పి అయిన కృష్ణారెడ్డి ఈ పద్ధతి దగ్గరికి ఎందుకొచ్చారో ఆయన ప్రింట్లు దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. యాసిడ్‌తో కొరికించి వదిలేసే రకం కాదాయన. జింకు రేకుని ఉలులతో, గీకుడు కత్తులతో, కరెంటు పనిముట్లతో కూడా చెక్కేవారు. అచ్చు వెయ్యకుండా గోడకి తగిలించినా ఆ రేకు ఒక శిల్పమే. చిత్రకారుడు రంగు గురించి ఆలోచిస్తే, శిల్పి ముందు లోతు గురించి ఆలోచిస్తాడు. ఏ లోతులో ఏ రంగు నిలుస్తుందన్నది అందులోంచే వచ్చిందని నా నమ్మకం. ఇప్పుడు యూనివర్సిటీల్లో ఇంటర్‌డిసిప్లినరీ అని బోర్డు కట్టి నేర్పేది ఆయన ఒక రేకు మీద, బోర్డు లేకుండా చేశారు.

నిజానికి అతెలియే 17 మొత్తం అలాంటివాళ్లదే. 1927లో పారిస్‌లో దాన్ని మొదలుపెట్టిన హేటర్ చదివింది కెమిస్ట్రీ, జియాలజీ. బొమ్మల్లోకి రాకముందు ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీలో పనిచేశాడు. ఇంకుల్లో నూనె పాళ్ల గురించి అంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. తర్వాత అక్కడికొచ్చిన ప్రింట్‌మేకర్ జరీనా హష్మీ అలీగఢ్‌లో లెక్కల డిగ్రీ చేసింది. మా మామయ్యకి చెబితే "చూశావా, వాళ్లిద్దరికీ స్టెమ్ వచ్చుండేది" అన్నాడు.

2016 అక్టోబరు నుంచి 2017 మార్చి దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనీ కలిపి ఒక ప్రదర్శన పెట్టారు. ఆ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే నా క్యూరేటర్ల ప్రశ్నకి రెండు రకాల జవాబులున్నాయనిపిస్తుంది. జరీనా తన జీవితాన్ని నేరుగా బొమ్మలోకి తెచ్చింది. దేశవిభజన తర్వాత కొన్నేళ్లకి ఆమె కుటుంబం పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఆమె బ్యాంకాక్, పారిస్, టోక్యో తిరిగి న్యూయార్క్ చేరింది. 1999లో ఇల్లు అన్న విషయం మీద 36 చెక్క అచ్చుల వరస చేసి, ప్రతిదాని మీదా ఒక ఉర్దూ మాట పెట్టింది. ఆ మాటలు తీసేస్తే ఆ ప్రింట్లు నిలబడవు. ఎవరి మెప్పు కోసమో అద్దిన అలంకారం కాదది. 2011లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఇండియా మొదటిసారి తన పెవిలియన్ (దేశం తరఫు ప్రదర్శనశాల) పెట్టినప్పుడు పంపినవాళ్లలో ఆమె ఒకరు.

కృష్ణారెడ్డిది వేరే దారి. ఆయన ప్రింట్లలో చేపలుంటాయి, అలలుంటాయి, సుడిగుండం ఉంటుంది. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డ ఏడాది 'డెమాన్‌స్ట్రేటర్స్' చేశారు. న్యూయార్క్ వచ్చాక సర్కస్ బఫూన్ మీద పడ్డారు, ఒకే ప్లేటుకి రంగులు మార్చి మార్చి రకరకాల అచ్చులు తీశారు. తామరపువ్వు పెట్టి ఊరు గుర్తుచేసే ప్రయత్నం ఆ బొమ్మల్లో నాకు కనిపించలేదు. మరి నందనూరు ఎక్కడుంది? ఒక కదలికని, అది అలైనా జనమైనా, దాని మధ్యలో నుంచి బయటికి విచ్చుకునేలా చూసే చూపు ఒకటి ఆయన పనంతటా ఉంది. అది శాంతినికేతన్‌లో ప్రకృతిని గమనించడం నేర్పిన నందలాల్ బోస్ నుంచి వచ్చిందా, అంతకు ముందు పల్లెలోనే అబ్బిందా అన్నది ఎవరూ తేల్చలేరు, తేల్చనక్కర్లేదు కూడా. ఇప్పుడు ఎవరైనా నన్ను ఇండియా ఎక్కడుందని అడిగితే రోలరు చేతికిచ్చి తిప్పమంటున్నాను. కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు నిజంగానే తిప్పి, చొక్కా పాడుచేసుకుని వెళ్లారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇండియాలో ఆర్ట్ స్కూలు పిల్లలు నాకు రాసే మెసేజీల్లో అది తప్ప అన్నీ ఉంటాయి. కృష్ణారెడ్డి అంతటివాడు కూడా జీవితమంతా పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఇక్కడ ప్రింట్లు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు నాకు తెలిసినవాళ్లలో లేరు. గ్యాలరీ ద్వారా అమ్ముడైతే సాధారణంగా సగం గ్యాలరీకి పోతుంది. మిగిలిన సగంలో కాగితం, ఇంకు, ఫ్రేము, షాపు అద్దె. కాలేజీలో అడ్జంక్టుగా, అంటే పార్ట్‌టైం టీచరుగా చెబితే సెమిస్టరుకి కోర్సుకింత అని ఇస్తారు. వేసవిలో ఆ జీతం ఉండదు, హెల్త్ ఇన్సూరెన్స్ దొరకడం అరుదు. 1099 ఫారం మీద, అంటే జీతంగా కాక ఫ్రీలాన్సు పనికి వచ్చే ఆదాయానికి మామూలు పన్ను కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ మనమే కట్టుకోవాలి. మొదటి ఏడాది ఏప్రిల్లో ఆ అంకె చూసి నాకొచ్చిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇవన్నీ ఇక్కడ పుట్టిన ఆర్టిస్టులకీ ఉన్నాయి. తేడా ఏమిటంటే, చేతిలో డబ్బు ఆడకపోతే వాళ్లు బార్లోనో కాఫీ షాపులోనో చేరిపోతారు. న్యూయార్క్‌లో సగం కళ అలాగే బతుకుతోంది. ఓ-వన్ మీద ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. ఏ పనికి వీసా ఇచ్చారో ఆ పనే, ఏ దరఖాస్తులో చూపించామో ఆ చోట్లలోనే. కాఫీ కలిపి అద్దె కట్టుకోవడం కూడా కుదరని వీసా కాబట్టి, ఇంకు కలిపే అద్దె కట్టాలి. అందుకే నేను ఇతరుల ఎడిషన్లు (ఒకే బొమ్మకి లెక్కపెట్టి తీసే కాపీలు) అచ్చు వేసిపెడతాను. ఆర్టిస్టు ప్లేటు తెచ్చిస్తాడు, నేను 30 కాపీలు ఒక్కలా వచ్చేలా తీస్తాను. కింద పెన్సిలుతో 1/30 అని అంకె, అతని సంతకం. నా పేరు ఎక్కడా ఉండదు. వీసా సాక్ష్యానికి ఇది పనికిరాదు, కిరాణా బిల్లుకి మాత్రం బాగా పనికొస్తుంది.

రాసిన పిల్లలందరికీ నేను చెప్పేది ఒకటే. ఏ యూనివర్సిటీ ర్యాంకు ఎంత అని కాదు, అక్కడ చదువు అయిపోయిన మర్నాడు మీకు ప్రెస్ ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కోండి. న్యూయార్క్‌లో కొన్ని కమ్యూనిటీ ప్రింట్ షాపుల్లో వారానికి ఇన్ని గంటలు షాపు చూసుకుంటే, బదులుగా ప్రెస్ వాడుకోనిస్తారు. ఇంకు బల్లలు తుడవడం, యాసిడ్ ట్రేలు చూడటం, రోలర్లు తగిలించడం, రాత్రి తలుపులెయ్యడం. స్టూడెంట్ వీసా మీదో ఓపీటీ మీదో ఉంటే, అది జీతం లేని పని కాబట్టి కుదురుతుందనుకోకుండా ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. కుదురుతుందంటే, ఖాళీ ఎప్పుడొస్తుందో ఆ షాపుకి ఇప్పుడే ఉత్తరం రాయండి. వెయిటింగ్ లిస్టు ఉంటుంది.